గ్రాఫిక్స్ కార్డు పాఠాలు – 4: పేరొకటే, వాట్లు వేరు

పోయిన పాఠం చివర టాస్క్ మేనేజర్ చూసి, మీ కార్డు పేరు, దాని మెమరీ రాసి పంపమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువగా కనిపించింది ఇలాంటిది: "జీటీఎక్స్ 1650, మెమరీ 11.8 జీబీ." 1650 కార్డు 4 జీబీతోనే వస్తుంది. మిగతా 7.8 ఎక్కడిదో తేల్చుకోకుండా ముందుకు వెళ్ళలేం.

టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్పు) పేజీ కింద మెమరీకి సంబంధించి మూడు అంకెలు ఉంటాయి. "డెడికేటెడ్" అని ఉన్నది కార్డు మీద అతికించి ఉన్న సొంత మెమరీ. "షేర్డ్" అంటే అవసరం పడితే మీ ర్యామ్‌లోంచి వాడుకోవడానికి విండోస్ ఇచ్చే అనుమతి. మామూలుగా ర్యామ్‌లో సగం దాకా ఇస్తుంది. ఒట్టి "జీపీయూ మెమరీ" అని ఉన్నది ఆ రెండూ కలిపిన మొత్తం. మీరు రాసి పంపింది ఈ మూడోదాన్ని. 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్ళందరికీ అది పెద్దగానే కనిపిస్తుంది.

అప్పు తెచ్చుకున్న మెమరీ ఉన్నట్టే కదా అని ఒకరు అడిగారు. 1650 సొంత మెమరీ, పాత జీడీడీఆర్5 రకమైనా సరే, సెకనుకు 128 జీబీ అందిస్తుంది. ర్యామ్ నుంచి కార్డుకి వచ్చే దారిలో (పీసీఐఈ 3.0, పదహారు లేన్లు) 16 జీబీ కూడా దాటదు. అందుకే 4 జీబీ నిండిన క్షణం నుంచి గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. ఇకమీదట డెడికేటెడ్ ఒక్కటే రాయండి. ఇంటెల్ గానీ ఏఎండీ గానీ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నవాళ్ళకి మాత్రం ర్యామే దిక్కు. వాళ్ళు 16 జీబీ ఒక్క స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు వేసుకోవాలి, ర్యామ్ వేగం రెట్టింపవుతుంది.

రెండో టెన్షన్: "జీపీయూ 1 దగ్గర సున్నా శాతం చూపిస్తోంది, కార్డు పోయిందా?" పోలేదు. ల్యాప్‌టాప్‌లో పని లేనప్పుడు పెద్ద కార్డు నిద్రపోతుంది, స్క్రీన్‌ని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ నడుపుతుంది. గేమ్ ఆడుతున్నా సున్నాయే ఉంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్ళి ఆ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి.

ఇక అసలు పాఠం. నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే: ల్యాప్‌టాప్ మీద స్టిక్కర్ చూసి, డెస్క్‌టాప్ కార్డుకి చేసిన రివ్యూ చదివి, డబ్బు కట్టేయడం. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు; ఎన్విడియా వీటిని సీయూడీఏ కోర్లు అంటుంది), 24 జీబీ మెమరీ; 450 వాట్లు తాగుతుంది. ల్యాప్‌టాప్ 4090లో 9,728 కోర్లు, 16 జీబీ. పరిమితి 150 వాట్లు, బూస్ట్ కలిపినా 175. అసలు చిప్పే వేరు. 4070 చూడండి: డెస్క్‌టాప్‌లో 5,888 కోర్లు, 12 జీబీ, ల్యాప్‌టాప్‌లో 4,608 కోర్లు, 8 జీబీ. ల్యాప్‌టాప్ 4070లో ఉన్న చిప్పు డెస్క్‌టాప్ 4060 టీఐలో వాడినదే.

4060కి వస్తే రెండింటిలోనూ 3,072 కోర్లే. అయితే సమానమేనా? కాదు. ల్యాప్‌టాప్ తయారీదారు దానికి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా కేటాయించవచ్చు. లో వోల్టేజీలో బోరు మోటారు తిరుగుతుంది గానీ నీళ్ళు సరిగా ఎక్కవు; 45 వాట్ల 4060 పనీ అంతే. ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌ల ధరలో పెద్ద తేడా కనిపిస్తే, ముందు అడగాల్సింది ఈ వాట్ల సంగతే. దాన్ని టీజీపీ అంటారు. కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో వెతకండి. ల్యాప్‌టాప్ చేతిలో ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కింద సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని కనిపిస్తుంది. అమ్మేవాళ్ళు ఆ అంకె చెప్పలేకపోతే నేనైతే ఆ మోడల్ వదిలేస్తాను. 60 వాట్లకు కట్టేసిన సన్నటి 4070 కన్నా, మంచి ఫ్యాన్లున్న 115 వాట్ల 4060నే ఎంచుకుంటాను. మెమరీ రెండింటికీ 8 జీబీయే, పైగా మే నెలలో ఏసీ లేని గదిలో సన్నటి మెషిన్ వేడెక్కి ఇంకా తగ్గిపోతుంది.

అభ్యాసం. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్విడియా, హైఫన్, ఎస్ఎమ్ఐ టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి హైఫన్, చిన్న అక్షరం ఎల్, మళ్ళీ ఖాళీ, 1 కొట్టండి. సెకనుకోసారి వాట్లు చూపిస్తుంది. ఛార్జర్ పెట్టి అరగంట, తీసేసి పది నిమిషాలు ఒకే గేమ్, ఒకే సెట్టింగులతో ఆడండి. నిమిషానికోసారి వాట్లు, టెంపరేచర్ పుస్తకంలో రాయండి. మొదటి ఐదు నిమిషాల అంకెలు లెక్కలోకి తీసుకోకండి, మెషిన్ ఇంకా వేడెక్కదు. డెస్క్‌టాప్ వాళ్ళు మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టి ఉందో లేదో ముందు వెనక్కి వంగి చూసి, ఆ తర్వాతే ఇది మొదలుపెట్టండి.