నాలుగిళ్ళు కలిస్తే చాలు: మానసిక ఇబ్బందులున్న పిల్లల తల్లిదండ్రులు ఊళ్ళోనే గ్రూపు పెట్టుకోవడం ఎలా

నాది తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, ఫాల్స్, పికో. మా అబ్బాయికి పదమూడేళ్ళు, ఓసీడీ ఉంది, అంటే ఏదో అనుమానం పట్టుకుని చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు. చేతులు కడగడం మొదలుపెడితే పైన ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగడు. ఒక్కో వారం బడికి వెళ్ళనని మొండికేస్తాడు. గుంటూరులో డాక్టరుకి చూపిస్తున్నాం, మందులు నడుస్తున్నాయి. కానీ ఊళ్ళో ఎవరైనా పోతే వీణ్ణి ఎవరి దగ్గర వదిలి వెళ్ళాలి, పెళ్ళికి తీసుకెళ్ళాలా వద్దా, క్లాస్ టీచరుకి ఏమని చెప్పాలి అన్నవి డాక్టరు చీటీ మీద రాసిచ్చేవి కావు కదా. వాటి కోసమే మేం కొన్ని కుటుంబాలం కలిసి గ్రూపు పెట్టుకున్నాం. ఎలా పెట్టారని పక్క ఊళ్ళవాళ్ళు అడుగుతుంటే మిషను ఆపి ప్రతిసారీ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మనలాంటి ఇళ్ళకి సలహాలకి కొదవ లేదు. తాయెత్తు కట్టించమనేవాళ్ళు, "నాలుగు తగిలిస్తే దార్లోకొస్తాడు" అనే మేనమామలు అందరికీ ఉన్నారు. దొరకనిదల్లా మనిషి సాయం. అందుకని గ్రూపులో ఏ పని తలపెట్టినా, దీనివల్ల ఎవరికైనా ఓ రెండు గంటలు తెరిపి దొరుకుతుందా లేదా అని చూసుకోండి. దొరకదనుకుంటే ఆ పని పక్కన పెట్టేయండి.

మనుషుల్ని ఎక్కడ వెతకాలి? ఫ్లెక్సీ కట్టి పిలిస్తే ఎవరూ రారు, నలుగురికీ తెలిసిపోతుందని భయం. ఆస్పత్రి ఓపీలో, స్పీచ్ థెరపీ బెంచీల మీద, మండలంలోని భవిత కేంద్రం దగ్గర కనిపిస్తారు. భవిత కేంద్రం తెలియకపోతే ఎంఈఓ ఆఫీసులో అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ప్రభుత్వం నడిపేది అది, అక్కడి టీచర్లకి మండలంలో ఏ ఇంట్లో ఏ బిడ్డ ఉందో తెలుసు. పలకరించేటప్పుడు "మీ పాపకేంటండీ ప్రాబ్లం?" అని మాత్రం మొదలుపెట్టకండి. మన పిల్లాడి సంగతి మనం ముందు చెప్పాలి. "మావాడికి ఓసీడీ అక్కా, వీడితో నిన్న రాత్రంతా జాగారమే" అన్నాననుకోండి, అవతలావిడ తనంతట తనే చెప్పుకొస్తుంది. నాలుగిళ్ళు దొరికితే మొదలుపెట్టేయొచ్చు.

కలిసే చోటు విషయంలో పట్టుదలగా ఉండండి. కల్యాణ మండపం, గుడి మండపం వద్దు. మైకులు, గంటలు, వచ్చేపోయేవాళ్ళు. చెవులు మూసుకుని కూర్చునే పిల్లలకి అది నరకం. గేటు గడియ పడే ఇల్లు చూడండి. మోటారు గదికి తాళం ఉండాలి, మేడ మెట్లకి అడ్డు ఉండాలి. మేం ఆదివారం రెండు గంటలు కలుస్తాం, ఆ సేపు ఆ ఇంట్లో కుక్కర్ పెట్టరు, ఎందుకంటే విజిల్ వస్తే ఒక బాబు గేటుకేసి పరుగెత్తుతాడు. టిఫిన్ బయటినుంచి తెప్పించుకుంటాం. ఒక గదిలో చాప, రెండు దిళ్ళు వేసి లైటు ఆర్పేసి ఉంచుతాం. ఏ బిడ్డయినా తట్టుకోలేకపోతే ఆ గదిలోకి వెళ్ళొచ్చు, ఎందుకెళ్ళావని ఎవరూ అడగరు.

మొదటిసారి కలిసినప్పుడు ఏడుపులు ఉంటాయి. ఆపకండి. కానీ రెండోసారి నుంచి గంటన్నర అయ్యేసరికి పనిమాటల్లోకి రావాలి, లేకపోతే మగవాళ్ళు రావడం మానేస్తారు. మగవాళ్ళని ఊరికే రమ్మంటే ఎలాగూ రారు, పని అప్పగించాలి. ఒకాయనకి పిల్లల వైకల్య సర్టిఫికెట్ల పని ఇచ్చాం. మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయే మనిషి, ఇప్పుడు ఏ రోజు ఏ డాక్టరు ఉంటాడో నోటికి చెబుతాడు.

మా గ్రూపులో అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఒక కాగితం. ప్రతి ఇంటివాళ్ళూ తమ బిడ్డ గురించి ఒక్క పేజీ రాసి, జిరాక్స్ తీసి, నమ్మకమైన రెండిళ్ళలో ఇచ్చి ఉంచాలి. రోగం చరిత్ర అంతా అక్కర్లేదు, బిడ్డని సాయంత్రందాకా చూసుకోడానికి కావలసినంతే. మావాడిది ఇలా రాశాను:

"పిలిస్తే వెంటనే పలకడు, రెండోసారి గట్టిగా పిలవొద్దు. పెరుగన్నం, వేరే ప్లేటులో. వాడి స్పూను సంచిలో ఉంది. చేతులు కడుగుతుంటే లాగొద్దు, టాపు కట్టేయొద్దు, 'అయ్యాక చెప్పు నాన్నా' అని పక్కన నిలబడితే చాలు. 'చేతులు శుభ్రంగా ఉన్నాయా?' అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. ఒకసారి చెప్పి, తర్వాత 'ఇందాక చెప్పాను కదా' అనండి. రాత్రి మాత్ర ఎనిమిదింటికి, అన్నం తిన్నాక. బాగా కంగారు పడితే మేడ మీదికి తీసుకెళ్ళి నడిపించండి. నేను ఫోను ఎత్తకపోతే వాళ్ళ నాన్నకి చెయ్యండి."

మళ్ళీ మళ్ళీ ధైర్యం చెప్పొద్దన్నది డాక్టరుగారు నేర్పిన సంగతి. ఎన్నిసార్లు చెబితే అనుమానం అన్నిసార్లు పెరుగుతుందట. అది తెలియకుండా ఎంత ప్రేమగా చూసుకునే పిన్నయినా మంచి చేయబోయి చెడు చేస్తుంది.

కాగితాలు చేతిలో ఉన్నాక వంతులు మొదలుపెట్టండి. మొదటిరోజే నాలుగ్గంటలు వదిలేసి వెళ్ళొద్దు. తల్లి ఇంట్లో ఉండగానే అవతలావిడ వచ్చి కూర్చోవాలి, తర్వాత తల్లి సందు చివర కొట్టుదాకా వెళ్ళి రావాలి, తర్వాత బజారుకి. మా గ్రూపులో ఒకామె చాలాకాలం తర్వాత అలా బయటికెళ్ళి, ఏం చేయాలో తోచక మా షాపుకొచ్చి కూర్చుంది. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి: ఇతరుల బిడ్డ మీద చెయ్యెత్తకూడదు, మాత్రలు తల్లి కాగితంలో రాసినట్టే ఇవ్వాలి.

సర్టిఫికెట్ల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం, చదవడం రాయడంలో వచ్చే లెర్నింగ్ డిజెబిలిటీ వాటిలోవే. ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవకపోవడం) ఒక్కటే ఉంటే ఆ జాబితాలోకి రాదు, ఇది తెలియక చాలామంది తిరిగి తిరిగి అలిసిపోతారు. ప్రభుత్వ డాక్టర్లు వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సర్టిఫికెట్‌లో (ఆంధ్రలో సదరం అంటారు) 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రలో 2024లో దాన్ని నెలకి 6000 చేశారు, తెలంగాణలో 2023లో 4016 చేశారు. యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి, అది వికలాంగుల గుర్తింపు కార్డు, వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఉంది, లక్ష రూపాయలదాకా. అందులో థెరపీ ఖర్చులు కూడా పెట్టుకోవచ్చు. మావాడి ఓసీడీకి అది రాదు. సర్టిఫికెట్ క్యాంపుకి తల్లి ఒక్కతే బిడ్డతో వెళ్ళకూడదన్నది మా పద్ధతి. క్యూలో నిలబడడానికి ఒకరు, బయట చెట్టుకింద బిడ్డని ఆడించడానికి ఒకరు ఉండాలి. పని ముందుకు జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, నలుగురు కలిసి ఇస్తే వినే తీరే వేరు.

బడికి కూడా ఒక్కరే వెళ్ళొద్దు. తోడొచ్చినవాళ్ళు మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు. అడిగేది చిన్నదిగా, తేల్చి చెప్పగలిగేదిగా ఉండాలి. "మా వాణ్ణి అర్థం చేసుకోండి మేష్టారూ" అంటే ఆయన తలూపుతాడు, అంతటితో సరి. "తలుపు పక్క బెంచీ ఇవ్వండి, మధ్యలో ఒక్కసారి బయటికి పంపండి" అంటే చేస్తాడో చేయడో అక్కడే తెలిసిపోతుంది.

వాట్సాప్ గ్రూపు తప్పదు. అందులో గుడ్ మార్నింగులు, మందు లేకుండా నయం చేసే నూనెలు, పిల్లల ఫోటోలు వద్దని మొదటిరోజే చెప్పేయండి. పదేళ్ళు దాటిన పిల్లల సంగతులు వాళ్ళని అడగకుండా అందులో రాయకండి, వాళ్ళు ఫోను చూస్తారు. ఒక పెద్దమనిషి పుట్టినరోజుకి మా పిల్లలకి పళ్ళు పంచి పేపర్లో వేయిస్తామని వచ్చారు. పళ్ళు ఇవ్వండి బాబాయిగారూ, ఫోటో మాత్రం వద్దు అన్నాం. పళ్ళూ రాలేదు.

గ్రూపు చేయకూడని పని ఒకటుంది. ఏ బిడ్డయినా చచ్చిపోతానన్నా, చేతులు కోసుకుంటున్నా అది ఆదివారం మనం కలిసేదాకా దాచే విషయం కాదు, అందరితో చర్చించేదీ కాదు. బిడ్డని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, మాత్రలు, బ్లేళ్ళు వెంటనే తీసేయండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం కనిపిస్తుంటే ఫోనుతో ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఆ రాత్రి బండి ఎవరిది, మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నది మాత్రం గ్రూపు ముందే అనుకుని ఉండాలి. మా దగ్గర ఆ పేర్లు రాసిన కాగితం ఫ్రిజ్ తలుపుల మీద అంటించి ఉంది.

డబ్బులు పోగుచేయకండి. టిఫిన్ ఖర్చు ఆ రోజుకారోజు పంచుకోండి. సొసైటీగా రిజిస్టర్ చేయమని కొందరు తొందరపెడతారు. మన రెండు రాష్ట్రాల్లో దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. విరాళాలు తీసుకోవాల్సి వస్తేనో, స్థలం అడగాల్సి వస్తేనో అప్పుడు ఆలోచించొచ్చు. పరీక్షల నెలలో, సంక్రాంతికి ఎలాగూ మనుషులు పలచబడతారు. ఇద్దరే వచ్చినా కలవండి, రానివాళ్ళకి సాయంత్రం ఒక ఫోను చేయండి.