ఐపీఎల్ మొదలవకముందే సర్వర్ క్యూలు చూసుకోండి

ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు వైపు లోకల్ ఇంటర్నెట్ నడిపే తమ్ముళ్లకు ఒక మాట. సాయంత్రం 7:30కి ఇంటింటా మ్యాచ్ మొదలయ్యాక నెట్ ఆగిందంటే మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది, అందుకే నెట్‌వర్క్ కార్డు క్యూల్లో (వచ్చిన ప్యాకెట్లు ప్రాసెసర్ కోసం ఆగే వరుసల్లో) మార్పులేమన్నా ఉంటే ఇప్పుడే చేసుకోండి, మ్యాచ్ నడిచేటప్పుడు మాత్రం సర్వర్ మీద చెయ్యి వేయొద్దు.

ముందు రద్దీ టైంలో లినక్స్ సర్వర్‌లో టాప్ కమాండ్ ఇచ్చి 1 నొక్కండి. 32 కోర్లున్న మెషీన్‌లో ఒక్క కోరే ఎస్ఐ (ప్యాకెట్ల లాంటి పనులకు లినక్స్ మూలభాగమైన కెర్నెల్ తీసుకునే టైం) కింద నూటికి నూరు చూపిస్తూ మిగతావి ఖాళీగా ఉంటే ప్యాకెట్లన్నీ ఒకే క్యూలో పడుతున్నట్టే. అయినా తొందరపడి క్యూలు పెంచేయకండి. కార్డు అయితే ప్యాకెట్‌లోని ఐపీ అడ్రసులు, పోర్టులు చూసి ప్యాకెట్లను క్యూలకు పంచుతుంది, మన కస్టమర్లేమో ఎక్కువగా పీపీపీఓఈతో (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి) వస్తారు, చాలా కార్డులకు అది ప్యాకెట్ ముందు తగిలించే హెడర్ దాటి లోపలి ఐపీ చూడటం రాదు, దాంతో అన్నీ సున్నా క్యూలోకే పోతాయి. అక్కడ 16 క్యూలు పెట్టినా 15 ఊరికే ఉంటాయి. దీనికి మందు ఆర్‌పీఎస్ (ప్యాకెట్ల పనిని సాఫ్ట్‌వేర్‌తోనే కోర్లకు పంచే ఏర్పాటు), లినక్స్‌లో 2010 నుంచీ ఉంది: ఏ కోర్లు వాడాలో రాసిస్తే కెర్నెలే పంచుతుంది. మ్యాచ్ డేటా బయటి నుంచి మనకు దిగే అప్‌లింక్ వైపు మామూలు ఐపీయే వస్తే అక్కడ క్యూలు పెంచడం నిజంగా పనికొస్తుంది.

నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల కమాండ్ ఈథ్‌టూల్‌లో చిన్న ఎల్ (-l) క్యూలు చూపిస్తుంది, పెద్ద ఎల్ (-L) మారుస్తుంది, చూసి కొట్టండి. మార్చగానే చాలా డ్రైవర్లు కార్డును రీసెట్ చేస్తాయి, లైను కాసేపు పడిపోతుంది, సెషన్లు తెగితే జనమంతా ఒకేసారి లాగిన్లు చూసే రేడియస్ సర్వర్ మీద పడతారు. కాబట్టి తెల్లవారుజామున, సర్వర్‌కే తగిలించిన కన్సోల్ ముందు కూర్చుని చేయండి, అదే కార్డు మీదుగా ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగినై) వద్దు.

రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్ల) సర్వర్ అయితే కార్డు ఏ సాకెట్‌కు తగిలి ఉందో ఆ కోర్లకే క్యూలు కట్టండి. ఇంటరప్ట్‌లను (పని వచ్చిందని కోర్‌ను పిలిచే సిగ్నళ్లను) కోర్లకు తనంతట తానే పంచే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ నడుస్తుంటే మీరు కట్టినవాటిని మళ్లీ కదిలిస్తుంది, ఆపేయండి. కోర్లు 64 ఉన్నాయని 64 క్యూలు అక్కర్లేదు, ఒక్కో క్యూకూ వేరే మెమొరీ, వేరే ఇంటరప్ట్ పోతుంది.

ఈ సెట్టింగులేవీ రీబూట్ తర్వాత వాటంతటవి నిలవవు. ఎండాకాలం కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజు అన్నీ మొదటికొస్తాయి, అందుకని వాటిని సర్వర్ లేవగానే నడిచేలా సిస్టమ్‌డీ సర్వీసులో పెట్టి, సీజన్‌కు ముందే ఒకసారి రీబూట్ చేసి, ఇంటరప్ట్స్ ఫైల్లో (/proc/interrupts) అప్‌లింక్ కార్డు అంకెలు మీరు క్యూలు కట్టిన కోర్లన్నిటి కిందా పెరుగుతున్నాయో లేదో కళ్లారా చూసుకోండి.