కుంట కట్ట కారుతోందా? ముందు ఆ నీటి రంగు చూడండి

అనంతపురం వైపు వానలు జోరందుకునేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. మట్టి కట్ట మరమ్మతులు వేసవిలోనే ముగించాలి.

కట్ట వెలుపల అడుగున నీరు కారుతోంది

తేటనీరు సన్నగా, ఎప్పుడూ ఒకే తీరుగా కారితే కంగారు అక్కరలేదు. గాజు గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే కట్ట కడుపులోని మట్టి కొట్టుకొస్తోందన్నమాట. ఆ దారి వెడల్పయ్యేకొద్దీ గండి దగ్గరపడుతుంది.

చాలామంది కారే చోటే బంకమన్ను కుక్కుతారు. అది తప్పు, నీరు పక్కన ఇంకో దారి చూసుకుంటుంది. వెంటనే తూము తెరిచి నీటిమట్టం తగ్గించండి. కారే చోట ముందు ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన రాళ్లు పరవండి. నీరు పోతుంది, మట్టి నిలుస్తుంది. అసలు వైద్యం లోపలి వైపు: కుంట ఎండాక పందికొక్కు బొరియలు, ఎండ్రకాయల కన్నాలు తవ్వి, తడిపిన బంకమన్ను పలచని పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. ఉత్త నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది. పైన గరుసు కప్పండి.

ఇది పాత జబ్బే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) చెప్పిన ఆరు చెరువు దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి.

కట్ట మీద సర్కారు తుమ్మ మొలిచింది

మొక్కగా ఉన్నప్పుడే వేళ్లతో పీకేయండి. చెట్టు కొట్టి మొద్దు వదిలేస్తే, కుళ్లిన వేళ్లే నీటికి సొరంగాలు. కట్టకు గడ్డి చాలు. పక్షులకు చెట్లు కావాలంటే ఎగువ ఒడ్డున పెంచండి. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటిని సైబీరియా పక్షులంటారు గానీ, అవి మన దేశపువే.

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

నీటిలో ప్రాణవాయువు చాలడం లేదు. నాచుతో నీరు పచ్చబడి, మబ్బు పట్టిన రోజుల్లో ఇది ఎక్కువ. పేడ, మేత ఆపి, మోటారుతో కొత్త నీరు ఎత్తు నుంచి చిమ్మించండి.

మరువ పారితే చేపలు పోతున్నాయి

కుంట నిండాక ఎక్కువైన నీరు పోయే దారే మరువ. దానికి సన్న వల కట్టకండి. చెత్త అడ్డుపడితే నీరు కట్ట మీదుగా పొర్లి, కట్టే పోతుంది. ఎడంగా నిలువు కమ్ములు పెట్టండి. కొన్ని బొచ్చె చేపలు పోతే పోనీ.

వేసవికి చేపలు మిగలవు, కొంగలు రావు

కుంట పూడింది. పూడిక తీసేటప్పుడు అంతా ఒకే లోతు చేయకండి. కట్టకు దూరంగా ఒక మడుగు తవ్వితే చేపలు అందులో తలదాచుకుంటాయి. ఎగువ అంచు మోకాటిలోతే ఉంచితే కొంగలు అక్కడ నిలబడి వేటాడతాయి. తీసిన మట్టి చేలకు తోలండి. కట్ట మీద పోస్తే తొలి వానకే జారిపోతుంది.