కణ పరీక్ష – 4వ పాఠం: ఎర్ర రక్తకణం దగ్గర ఎక్కడ తడబడతాం

మూడో పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు ముందు జవాబు చూద్దాం. క్లోమ కణాల్లో గరుకు అంతర్జీవద్రవ్యజాలం ఎందుకంత దట్టంగా ఉంటుందని అడిగాం. ‘ప్రొటీన్లు తయారు చేయడానికి’ అని రాసి వదిలేస్తే సగం మార్కే. ప్రొటీన్లు దాదాపు ప్రతి కణమూ తయారు చేస్తుంది. ‘కణం బయటికి పంపాల్సిన ప్రొటీన్లు, అంటే జీర్ణ ఎంజైములు’ అని రాస్తేనే పూర్తి మార్కు. ‘బయటికి’ అన్న మాట మీ జవాబులో లేకపోతే రెండో పాఠం ఇంకోసారి చదివి రండి.

ఈసారి ఎర్ర రక్తకణం. మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు), నర్సింగ్ చదివేవాళ్ల చేతుల మీదుగా రోజూ పోయేదే ఇది. దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పక్వమైన ఎర్రకణంలో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, రైబోజోములు లేవు. ‘బొమ్మ గీసి భాగాలు గుర్తించుము’ అంటే గుర్తించడానికి ఏమీ మిగలదు. బట్టీ కొట్టినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

నోటుబుక్కులో పేజీని మూడు నిలువు గడులు చేయండి. మొదటి గడిలో ఏం జరుగుతుంది, రెండో గడిలో ఏది ఎటు కదిలింది, మూడో గడిలో ఎందుకు. పుస్తకం మూసి, ఒక్కో ప్రశ్నకు నాలుగు నిమిషాలు. జవాబు రాశాక, సరిచూసుకోకముందే, పక్కన ‘ఖాయం’, ‘అనుకుంటా’, ‘గుడ్డిగా’ అని మూడింట్లో ఒకటి రాయండి. ‘గుడ్డిగా’ అని రాసింది తప్పయితే పెద్ద నష్టం లేదు, చదివితే వచ్చేస్తుంది. ‘ఖాయం’ అని రాసి తప్పిన ప్రశ్నకు మాత్రం ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. తెల్లారి ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్లీ రాయాల్సినవి అవే.

మొదటి ప్రశ్న తేలిక. ఎర్రకణం సుమారు 120 రోజులే ఎందుకు బతుకుతుంది? ‘మైటోకాండ్రియా లేదు కాబట్టి శక్తి లేక చచ్చిపోతుంది’ అనే జవాబు చాలా పేపర్లలో కనిపిస్తుంది. అది తప్పు. గ్లైకాలిసిస్‌తో, అంటే ఆక్సిజన్ అవసరం లేకుండా గ్లూకోజ్‌ను విడగొట్టే పద్ధతితో, ఒక్కో గ్లూకోజ్ అణువుకు నికరంగా రెండు ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు) వస్తాయి, దాని ఖర్చులకు అవి సరిపోతాయి. అసలు చిక్కు మరమ్మతు దగ్గర. కేంద్రకం, రైబోజోములు లేకపోతే అరిగిపోయిన ప్రొటీన్ స్థానంలో కొత్తది రాదు. త్వచం బిరుసెక్కుతుంది, ప్లీహంలోని ఇరుకు సందుల్లోంచి దూరలేక అక్కడే చిక్కుకుంటుంది. మైటోకాండ్రియా లేకపోవడం దానికి లాభమే కూడా. పాల వ్యాన్ డ్రైవరు దారిలో పాలు తాగనట్టు, అది మోసే ఆక్సిజన్‌ను అది వాడుకోదు.

రెండో ప్రశ్న ల్యాబ్ బల్ల మీది నుంచి. దేవరకొండలో పొద్దున రక్తం తీసి, ఏ మందూ లేని మామూలు ట్యూబులో పోసి, సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) వేరు చేయకుండా నల్లగొండకు పంపారు. చేరి పరీక్ష చేసేసరికి రెండు గంటలయింది. తీసినప్పుడు గ్లూకోజ్ డెసిలీటరుకు 100 మి.గ్రా. ఉంటే ఇప్పుడు ఎంత చూపిస్తుంది, ఎందుకు?

గది ఉష్ణోగ్రతలో, కణాలు వేరు చేయని రక్తంలో గ్లూకోజ్ గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అంటే రెండు గంటలకు 86, 90 మధ్యకు వస్తుంది. మే నెల ఎండలో బైకు డిక్కీలో పెట్టి తెస్తే ఇంకా తగ్గుతుంది. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చినా కణాలు బతికే ఉన్నాయి, తింటూనే ఉన్నాయి. అందుకే షుగర్ పరీక్షకు బూడిదరంగు మూత ట్యూబు. అందులో ఉండేది సోడియం ఫ్లోరైడ్. తాగునీటి ఫ్లోరైడ్‌తో జనం దెబ్బతిన్న మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ అంటే వంగిపోయిన నడుములు, గార పట్టిన పళ్లే గుర్తొస్తాయి కానీ, ట్యూబులో దాని పని వేరు. గ్లైకాలిసిస్‌లోని ఎనొలేజ్ అనే ఎంజైమును అది ఆపేస్తుంది.

ఇప్పుడు మెలిక. బూడిదరంగు ట్యూబులో పోసినా మొదటి గంట, రెండు గంటలు గ్లూకోజ్ కొంత తగ్గుతూనే ఉంటుంది. ఎందుకు? పది మెట్ల గ్లైకాలిసిస్‌లో ఎనొలేజ్‌ది తొమ్మిదో మెట్టు. చివర గేటు మూసినా, మొదటి మెట్టు దగ్గర గ్లూకోజ్‌ను పట్టుకునే హెక్సోకైనేజ్ చేతిలో ఏటీపీ ఉన్నంతసేపు పని చేస్తూనే ఉంటుంది. ఈ జవాబు రాయగలిగితే గ్లైకాలిసిస్ మీకు వచ్చినట్టే, పది ఎంజైముల పేర్లూ వరుసగా అప్పజెప్పాల్సిన పని లేదు.

‘ఫ్లోరైడ్ ట్యూబు లేకపోతే ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా?’ అనే అనుమానం వస్తుంది. అదే మూడో ప్రశ్న. అదే రక్తాన్ని, కణాలు వేరు చేయకుండా, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున పొటాషియం పరీక్ష చేశారు. సీరం శుభ్రంగా ఉంది, ఎరుపు లేదు. అయినా పొటాషియం బాగా ఎక్కువ చూపించింది. పేషెంటుకు ఏ జబ్బూ లేదు. ఏం జరిగింది?

చాలామంది ‘ఎర్రకణాలు పగిలాయి’ అని రాస్తారు. పగిలితే సీరం ఎర్రబడేది, ప్రశ్నలోనే అలా కాలేదని చెప్పాం. ఎర్రకణం లోపల పొటాషియం లీటరుకు 100 మిల్లీమోళ్లకు పైమాటే, బయట ప్లాస్మాలో 3.5 నుంచి 5. ఇంత తేడాను నిలబెట్టేది సోడియం–పొటాషియం పంపు. ఒక ఏటీపీ ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ స్కౌ 1957లో దీన్ని గుర్తించి, 1997లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. చలికి ఈ పంపు దాదాపు ఆగిపోతుంది. త్వచంలోంచి పొటాషియం కారడం మాత్రం ఆగదు. మోటారు ఆపేసినా చిల్లుల ట్యాంకు కారుతూనే ఉన్నట్టు. చల్లదనం గ్లూకోజ్‌కు మంచిదే, పొటాషియానికి చెడ్డది. ఒకే ఫ్రిజ్, రెండు ఫలితాలు. రెండో గడిలో ‘ఏది ఎటు కదిలింది’ అని రాసే అలవాటు ఉంటే ఇక్కడ తడబడరు.

పొటాషియం ఎక్కువ, దానితోపాటు కాల్షియం బాగా తక్కువ వచ్చిందనుకోండి. అప్పుడు కణాన్ని అనుమానించకండి. ఊదారంగు మూత ట్యూబులోని రక్తం ఎర్రమూత ట్యూబులోకి ఒంపారేమో చూడండి. ఆ ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసేది పొటాషియం ఈడీటీఏ, అది కాల్షియంను పట్టేస్తుంది.

ఇక అసలు ఘట్టం, నాలుగో ప్రశ్న. దీనికి రెండు గ్లాసులు ఊహించుకోండి. ఒక గ్లాసులో లీటరుకు 9 గ్రాముల ఉప్పు. ఇంకో గ్లాసులో లీటరుకు 18 గ్రాముల యూరియా, పొలంలో చల్లే యూరియా అణువే. రెంటిలోనూ ఎర్రకణాలు వేశారు. ఏ గ్లాసులో ఏమవుతుంది?

ముందు లెక్క. ఉప్పు అణుభారం 58.5. 9ని 58.5తో భాగిస్తే 0.154 మోల్. నీళ్లలో అది సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది కాబట్టి రెండింతలు, 308 మిల్లీఆస్మోల్ (నీళ్లలో కరిగిన కణికల లెక్క ఇది). యూరియా అణుభారం 60. 18ని 60తో భాగిస్తే 0.3 మోల్, అది విడిపోదు కాబట్టి 300. ప్లాస్మా సుమారు 275 నుంచి 295. కాగితం మీద రెండు గ్లాసులూ దాదాపు సమానం.

ఉప్పు గ్లాసులో కణాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. యూరియా గ్లాసులో పగిలిపోతాయి, మబ్బుగా ఉన్న ద్రవం కాసేపట్లోనే తేటగా, ఎర్రగా మారిపోతుంది. కారణం: యూరియా ఎర్రకణ త్వచాన్ని సులువుగా దాటుతుంది. అది లోపలికి పోతే దాని వెంట నీళ్లు. సోడియం, క్లోరైడ్ మాత్రం మొత్తంగా బయటే నిలిచి నీళ్లను ఆపుతాయి. నీళ్లను పట్టి ఉంచే శక్తి, త్వచం దాటలేని కణికలకే ఉంటుంది. ద్రావణంలో ఎన్ని కణికలు ఉన్నాయన్నది ఆస్మోలారిటీ, వాటిలో త్వచం బయట ఎన్ని నిలుస్తాయన్నది టానిసిటీ. ఈ రెండింటినీ ఒకటిగా చదివినవాళ్లే ఈ ప్రశ్నలో ‘ఖాయం’ అని రాసి తప్పుతారు.

దీన్నే మీరు తోటివాళ్లకు బహుళైచ్ఛిక ప్రశ్నగా ఇవ్వాలనుకుంటే, తప్పు జవాబులను ఏదో ఒకటిగా నింపకండి. ‘ఏమీ కాదు’ అన్న ఐచ్ఛికం టానిసిటీ తెలియనివాడిని పడుతుంది. ‘ముడుచుకుంటాయి’ అన్నది, కరిగింది ఏదైనా నీళ్లను బయటికి లాగుతుందనుకునేవాడిని పడుతుంది. ‘ఉబ్బి ఆగిపోతాయి’ అన్నది, వృక్షకణానికి ఉన్న కణకవచం ఎర్రకణానికీ ఉందనుకునేవాడిని పడుతుంది. ఒక్కో తప్పు జవాబు ఒక్కో అపోహకు వేసిన వల. ‘పైవేవీ కావు’ అని రాసి చోటు నింపితే ఎవరూ పడరు, మనకూ ఏమీ తెలియదు.

ఇదే సూత్రం సెలైన్ సీసాల దగ్గర పనికొస్తుంది. 5 శాతం డెక్స్‌ట్రోస్ (అంటే గ్లూకోజే) సీసాలో ఉన్నంతసేపు ప్లాస్మాకు దగ్గరగానే ఉంటుంది. ఒంట్లోకి ఎక్కాక గ్లూకోజ్‌ను కణాలు వాడేసుకుంటాయి, మిగిలేవి ఉత్త నీళ్లు. మెదడు వాపు ఉన్నవాళ్లకు దాన్ని ఎక్కించకపోవడానికి కారణం అదే.

ఐదో ప్రశ్న లెక్క మాత్రమే. ఎర్రకణాలు ఎంత పలచటి ఉప్పునీళ్లలో పగులుతాయో చూసే ఆస్మాటిక్ ఫ్రాజిలిటీ పరీక్షకు 1 శాతం ఉప్పునీటి నిల్వ ఉంది. ఒక్కో ట్యూబులో మొత్తం 5 మి.లీ. రావాలి. 0.5, 0.4, 0.3 శాతాలకు నిల్వ ఎంత, డిస్టిల్డ్ వాటర్ ఎంత? నిల్వ వరుసగా 2.5, 2.0, 1.5 మి.లీ., మిగతాది నీళ్లు. ఒక్కోదాంట్లో గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన రక్తం 0.05 మి.లీ. వేసి, మెల్లగా తిప్పి, అరగంట ఉంచి సెంట్రిఫ్యూజ్ చేస్తారు. మామూలు రక్తంలో 0.45–0.5 దగ్గర పగలడం మొదలై, 0.3 దరిదాపుల్లో అన్నీ పగిలిపోతాయి. గట్టిగా ఊపితే ఊపుడుకే కణాలు పగులుతాయి, అప్పుడు పోల్చి చూడటానికి పెట్టిన, కణాలు పగలకూడని 0.9 శాతం ట్యూబు కూడా ఎర్రబడుతుంది. అది ఎర్రబడితే మొత్తం పరీక్ష పారబోసి మళ్లీ చేయాల్సిందే.

ఐదో పాఠం లోపు ఇది రాసి ఉంచండి. ఒక లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్ఎస్ పొట్లంలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. సరిగ్గా కలిపితే 245 మిల్లీఆస్మోల్. విరేచనాలతో నీరసించిన పిల్లాడికి, లీటరు గిన్నె లేక, మొత్తం పొట్లాన్ని 200 మి.లీ. గ్లాసులో కలిపి తాగించారు. ఆ గ్లాసులో ఎన్ని మిల్లీఆస్మోళ్లు? పేగు గోడ దగ్గర నీళ్లు ఎటు కదులుతాయి? విరేచనం తగ్గుతుందా, పెరుగుతుందా? మూడు గడులూ నింపి, పక్కన ఖాయమో గుడ్డిగానో రాయడం మరవకండి.