ఆటోలో పట్టే నౌపడ లైను: రెండు పలకల మోడల్ రైలు కట్టే పద్ధతి

ఒకచోట బిగించి వదిలేసిన మోడల్ రైలు నడవడం పెద్ద కష్టం కాదు. దాన్ని రెండు ముక్కలుగా విప్పి, శ్రీకాకుళం నుంచి విజయనగరం తీసుకెళ్లి మళ్లీ బిగించాక కూడా అలాగే నడవాలంటేనే చిక్కు. విప్పి బిగించే లేఅవుట్‌లో బండి పట్టాలు తప్పేది చాలావరకు రెండు పలకలు కలిసే అతుకు దగ్గర. అందుకే ఇక్కడ పని వరస మారుతుంది. ముందు అతుకు, తర్వాత పలకలు, ఆ తర్వాత పట్టాలు. చెట్లూ ఇళ్లూ అన్నిటికన్నా చివర.

నమూనాకి నౌపడ–గుణుపూర్ చిన్న లైనును తీసుకుందాం. నౌపడ నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో బళ్లు మొదలయ్యాయి. 1931 నాటికి లైను గుణుపూర్ చేరింది. బ్రాడ్ గేజి పనుల కోసం 2004లో చిన్న బండి ఆగిపోయింది. పట్టాల మధ్య దూరం 762 మి.మీ. దీన్ని 1:87 కొలతలోకి దించితే 8.76 మి.మీ. వస్తుంది. బజారులో దొరికే ఎన్ గేజి పట్టా 9 మి.మీ. ఇంత దగ్గర పొంతన మన బ్రాడ్ గేజికి కుదరదు. 1,676 మి.మీ.కి అదే లెక్కన 19.3 మి.మీ. రావాలి, కానీ అందరూ వాడే హెచ్ఓ పట్టా 16.5 మి.మీ. మాత్రమే. చిన్న గేజి కాబట్టి మలుపులు కూడా చిన్నవిగా వేయొచ్చు. 300 మి.మీ. వ్యాసార్ధం ఉంటే పెట్టెలు హాయిగా తిరుగుతాయి.

ఒక్క పాయింటుతో (బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే ముక్క) పని ముగించాలనుకునే విజయనగరం వాళ్లు బొబ్బిలి–సాలూరు లైనును చూసుకోవచ్చు. అక్కడ నడిచిన రైలుబస్సుకి ఇంజనుని ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పుకోవాల్సిన అవసరం లేదు, దానికోసం వేసే లూపూ (పక్కగా వెళ్లి మళ్లీ కలిసే రెండో పట్టా) అక్కర్లేదు. కింద చెప్పిన అతుకు దానికీ అలాగే పనికొస్తుంది.

ప్లాను

పలకలు రెండు, ఒక్కొక్కటి 900 × 400 మి.మీ. మొదటి పలక మీద స్టేషను. ఎడమ చివర ఇంజను నిలవడానికి 110 మి.మీ. పట్టా, తర్వాత పాయింటు (సుమారు 125 మి.మీ.), 465 మి.మీ. లూపు, రెండో పాయింటు, ఆ తర్వాత అతుకు దాకా 75 మి.మీ. తిన్నని పట్టా. రెండో పలక మీద మళ్లీ 75 మి.మీ. తిన్నగా వెళ్లి మూడో పాయింటు, అక్కడి నుంచి ఉప్పు సైడింగు (ఉప్పు ఎక్కించడానికి పెట్టెలు నిలిపే పక్క పట్టా). చివరి 430 మి.మీ. తెర వెనుక ఉంటుంది, బండి మార్చుకునే చోటు అది. ఇది అచ్చం నౌపడ యార్డు కాదు, ఆ లైను వాతావరణం మాత్రమే.

ఈ ప్లానులో అతుకు దాటేది ఒక్క పట్టాయే. అది కావాలనే అలా పెట్టింది. లూపును అతుకు మీదుగా సాగదీస్తే స్టేషను పొడుగ్గా, చూడముచ్చటగా ఉంటుంది. కానీ సరిచూసుకోవాల్సిన చోట్లు రెండింతలవుతాయి. పట్టా అతుకు గీతకి లంబంగా, తిన్నగానే దాటాలి, వంపులో దాటకూడదు. వంపులో కోసిన పట్టా చివర బయటికి తన్నుకొస్తుంది.

లూపు 465 ఉన్నా, పాయింట్ల దగ్గర పక్క బండికి తగలకుండా వదలాల్సింది తీసేస్తే పెట్టెలకి మిగిలేది సుమారు 365. అంటే 115 మి.మీ. పెట్టెలు రెండు, 70 మి.మీ. బ్రేక్ వ్యాను ఒకటి. మూడో పెట్టె ఇరికించాలని చూడొద్దు. ఇంజను ముందుకొచ్చి తిప్పుకునేటప్పుడు మూలకి గీసుకుంటుంది.

అతుకు

12 మి.మీ. ప్లైవుడ్ నుంచి 400 × 75 మి.మీ. ముక్కలు రెండు కోయండి. ఇవి అతుకు ముక్కలు. రెండింటినీ అంచులు కలిపి సీ-క్లాంపులతో బిగించి, రెండింటికీ ఒకేసారి బెజ్జాలు వేయాలి. విడివిడిగా కొలిచి వేస్తే ఎంత జాగ్రత్తపడినా కలవవు. బయటి అంచు నుంచి 60 మి.మీ. దగ్గర ఒక్కో బుష్ (పిన్ను దూరే ఇత్తడి గొట్టం) బెజ్జం, 110 మి.మీ. దగ్గర ఒక్కో 8 మి.మీ. బోల్టు బెజ్జం. ఎత్తులో అన్నీ ముక్కకి సగం దగ్గర.

చాలామంది పొరపాటు పడేది బోల్టు విషయంలోనే. బోల్టు పలకల్ని దగ్గరికి లాగి పట్టుకుంటుందంతే, వరస కలపదు. 8 మి.మీ. బోల్టు తన బెజ్జంలో అర మిల్లీమీటరైనా ఆడుతుంది. ఎన్ గేజి చక్రం అంచు మిల్లీమీటరు కన్నా తక్కువ కాబట్టి, పట్టా 0.3 మి.మీ. పక్కకి జరిగినా చక్రం దాని మీదికెక్కి బండి పట్టాలు తప్పుతుంది. వరస కలపడానికి వేరే పిన్ను ఉండాలి. కర్ర పిన్ను వద్దు. మన తీరం తేమకి ఉబ్బి వానాకాలంలో ఊడి రాదు, ఎండాకాలంలో వదులవుతుంది.

లేతు పని చేసే దుకాణంలో ఇత్తడి బుష్‌లు నాలుగు చేయించండి. లోపలి బెజ్జం 8 మి.మీ., పొడవు 12 మి.మీ. వాటిలో బిగువుగా జారే స్టీలు పిన్నులు రెండు, 30 మి.మీ. పొడవు, కొసలు కొంచెం కూచిగా. లేతు మేస్త్రీకి కొలత కాగితం మీద రాసివ్వడం కన్నా, 'ఈ పిన్ను ఇందులో వేలితో తోస్తే జారాలి, ఊపితే ఆడకూడదు' అని చెప్తే పని సరిగ్గా వస్తుంది.

ప్లైవుడ్‌లో బెజ్జాలు బుష్ బయటి కొలత కన్నా ఒక మిల్లీమీటరు పెద్దగా ఉండాలి. పిన్నుకి వాసెలిన్ పలచగా రాసి, రెండు బుష్‌ల్లో దూర్చి, రెండు ముక్కలూ బోల్టులతో బిగించి, బుష్ చుట్టూ అరల్డైట్ నింపండి. బుష్‌లు ఎలా కూర్చున్నా పిన్ను వాటిని ఒకే వరసలో పట్టి ఉంచుతుంది కాబట్టి బెజ్జాల్లోని చిన్న తేడా అరల్డైట్‌లో కలిసిపోతుంది. ఒక రోజంతా ముట్టుకోవద్దు. వాసెలిన్ మరిచిపోతే పిన్ను శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఎక్కువ రాస్తే అది బుష్ బయటికి పాకి, అరల్డైట్ పట్టదు.

రెండు ముక్కలు తాకే ముఖాల మీద రంగు వేయకండి. పలచటి సీలరు ఒక్క పూత చాలు. బిగించే ముందు ఆ ముఖాల్ని గుడ్డతో తుడవాలి. ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా పట్టాలు పైకీ కిందకీ తేడా వస్తాయి.

పలకలు

అతుకు ముక్కలు రెండూ బోల్టు చేసి ఉండగానే ఫ్రేములు కట్టాలి. 9 మి.మీ. ప్లైవుడ్ నుంచి పక్కలు 879 × 75 నాలుగు, బయటి చివరలు 400 × 75 రెండు, అడ్డ ముక్కలు 382 × 75 నాలుగు. పై పలక 6 మి.మీ. ప్లైవుడ్, 900 × 400 రెండు. దానికి నాలుగడుగుల చదరం ముక్క సరిపోతుంది. 9 మి.మీ. అంచులోకి స్క్రూ దింపితే ప్లైవుడ్ చీలుతుంది, అందుకని మూలల్లో 25 మి.మీ. చదరపు కర్ర ముక్కలు పెట్టి వాటిలోకి స్క్రూలు దించి, ఫెవికాల్ వేయండి. అడ్డ ముక్కలు పాయింట్ల కిందికి రాకుండా ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. మూలమట్టంతో చూశాక ఐమూలలు కూడా కొలవండి, రెండూ 985 మి.మీ. రావాలి.

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వద్దు. తేమ తగిలిన అంచు ఉబ్బి మళ్లీ తగ్గదు. ప్లైవుడ్‌కైనా సీలరు పైనా కిందా వేయాలి. పైన మాత్రమే వేస్తే కింది వైపు తేమ తాగి పలక దోనెలా వంగుతుంది. ఇలా కట్టిన ఉత్త పలక సుమారు మూడు కిలోలు తూగుతుంది.

మోసేటప్పుడు ఒక పలక మీద ఇంకోటి బోర్లా పెట్టి, రెండు చివరలా 400 × 330 ప్లైవుడ్ ముక్కలు బోల్టు చేస్తే పెట్టెలా అవుతుంది. మధ్యలో 170 మి.మీ. దాకా ఖాళీ ఉంటుంది. ఆటో వెనక సీటులో నిలబెట్టి తీసుకెళ్లొచ్చు.

పట్టాలు

నికెల్ సిల్వర్ పట్టా మాత్రమే తీసుకోండి. ఉక్కు పట్టాకి మన ఉప్పు గాలి తుప్పు పట్టిస్తుంది, ఇత్తడి పట్టా త్వరగా నల్లబడి కరెంటు ఆపుతుంది. 914 మి.మీ. వంచే పట్టాలు మూడు, పాయింట్లు మూడు సరిపోతాయి. పెకో వాళ్ల ఓఓ-9 పట్టాకి స్లీపర్లు ఎడంగా ఉంటాయి కాబట్టి మామూలు ఎన్ గేజి పట్టా కన్నా చిన్న లైనుకి నప్పుతుంది.

అతుకుకి రెండు వైపులా, అంచుని ఆనుకుని రాగి పూత ఉన్న పీసీబీ బోర్డు ముక్క ఒక్కోటి అరల్డైట్‌తో అంటించి, రెండేసి చిన్న స్క్రూలు కూడా బిగించండి. రాగి పూతని నడిమధ్య ఆకురాయితో గీసి రెండుగా విడదీయాలి. ఇది మరిచిపోతే రెండు పట్టాలూ కలిసి షార్ట్ అవుతుంది, తప్పెక్కడుందో వెతకడానికి ఒక పూట పోతుంది. పలకలు బిగించి ఉండగా పట్టాని ఒకే ముక్కగా అతుకు మీదుగా పరచండి. ఆ మేర ప్లాస్టిక్ స్లీపర్లు తీసేసి, పట్టాని రెండు బోర్డులకీ టంకం వేయండి. 25 నుంచి 40 వాట్ల ఐరన్, రోజిన్ ఫ్లక్స్ వాడాలి. యాసిడ్ ఫ్లక్స్ తర్వాత పట్టాని తినేస్తుంది. టంకం చల్లారాకే కోత. కంసాలులు వాడే సన్నని రంపం దీనికి అన్నిటికన్నా మంచిది. నిటారుగా, సరిగ్గా అతుకు గీత మీద కోసి, లోపలి అంచుల గరుకుని ఆకురాయితో తీసేయండి.

మిగతా చోట్ల పట్టా ముక్కల మధ్య అర మిల్లీమీటరు సందు వదలండి. మధ్యాహ్నం ఎండ వేడిలో వేస్తే సందు ఇంకా తక్కువ చాలు, చలికాలం ఉదయం వేస్తే ఎక్కువ కావాలి. సందు లేకపోతే మే నెలలో పట్టా పాములా మెలికపడుతుంది.

కరెంటు

12 వోల్టుల డీసీ. రెడీమేడ్ ఎడాప్టరు, 1 ఆంపియరు చాలు. 230 వోల్టుల తీగ ఏదీ పలక మీదికి రాకూడదు. ఎడాప్టరు తర్వాత వేగం కంట్రోలరు, దిక్కు మార్చడానికి ఆరు కాళ్ల స్విచ్చు. మధ్యలో సిరీస్‌లో, అంటే కరెంటంతా దాని గుండానే వెళ్లేలా, 12 వోల్టుల 10 వాట్ల బైకు ఇండికేటరు బల్బు పెట్టండి. బండి మామూలుగా నడిచేటప్పుడు అది వెలగదు. షార్ట్ అయితే వెలిగి, కరెంటుని ఒక ఆంపియరు లోపు ఆపి, షార్ట్ ఉందని చూపిస్తుంది కూడా.

ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి సొంత తీగ ఉండాలి. జాయినర్ల (పట్టా ముక్కల్ని కలిపే చిన్న తొడుగుల) మీద ఆధారపడితే ఆర్నెల్లకి అక్కడక్కడా బండి ఆగుతుంది. కింద ప్రధాన తీగలు 1 చదరపు మి.మీ., పలకల మధ్య నాలుగు పిన్నుల గుండ్రటి కనెక్టరు. కరెంటు వచ్చే వైపు బెజ్జాలున్న సగం, తీసుకునే వైపు పిన్నులున్న సగం పెట్టాలి. తారుమారైతే బయటికున్న పిన్నుల్లో కరెంటు ఉంటుంది.

పాయింటు క్రాసింగు (లోపలి పట్టాలు రెండూ కలిసే మొన) లోహంతో ఉంటే దాని తర్వాతి లోపలి పట్టాలు రెండింటికీ ప్లాస్టిక్ జాయినర్లు వేయాలి. పాయింటు తిప్పే స్లైడ్ స్విచ్చుతోనే క్రాసింగు కరెంటునీ మార్చొచ్చు. మధ్య కాలు క్రాసింగుకి, పక్క కాళ్లు రెండు పట్టాలకి. ఇంజను క్రాసింగు మీదికి రాగానే బల్బు వెలిగితే పక్క కాళ్ల తీగలు అటూ ఇటూ మార్చండి. తోసే కడ్డీగా సైకిల్ చువ్వ సరిపోతుంది. స్విచ్చు కదలిక పాయింటుకి అవసరమైన దానికన్నా ఎక్కువ కాబట్టి మధ్యలో సన్నని గిటారు తీగతో చిన్న వంకీ పెట్టాలి, లేకపోతే టంగ్ రైలు (పాయింటులో అటూ ఇటూ కదిలే పట్టా) ఊడిపోతుంది.

ఇసుక, ఉప్పు, చెట్లు

కంకరకి నది ఇసుకే వాడండి, నాగావళిదైనా వంశధారదైనా. కడిగి ఆరబెట్టి, పెద్ద కన్నుల జల్లెడ దాటి సన్న కన్నుల జల్లెడలో నిలిచింది తీసుకోండి. భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రపు ఇసుక చూడ్డానికి బాగుంటుంది కానీ ఉప్పు ఉంటుంది, నల్లటి బరువు ఖనిజాలూ ఉంటాయి. వాటిలో అయస్కాంతానికి అంటేవి మోటారులోకి చేరితే ఇంజను పాడవుతుంది. నది ఇసుక మీద కూడా ఒకసారి అయస్కాంతం తిప్పాలి. ఇసుక పరిచి, నీళ్లలో కొంచెం స్పిరిట్ కలిపి చిమ్మి, ఒక వంతు ఫెవికాల్‌కి మూడు వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం కలిపి చుక్కలుగా వేయండి. ముందు తడపకపోతే జిగురు ఇసుక మీదే బుడగలా నిలుస్తుంది. టంగ్ రైళ్ల దగ్గర మాత్రం ఇసుక పొడిగా కూడా వేయొద్దు.

ఉప్పు కుప్పలకి నిజం ఉప్పు వాడకూడదు. గాలిలోని తేమ లాగి కరిగి, పట్టాల దాకా పాకుతుంది. ముగ్గుపిండిలో ఫెవికాల్ కలిపి కుప్పలు పోస్తే తెల్లదనం అచ్చం అలాగే ఉంటుంది. మడుల్లో నీళ్లకి బూడిద రంగు మీద వార్నిష్ పలచటి పూతలు నాలుగైదు, ఒక్కోటీ పూర్తిగా ఆరాక. గట్ల మీద గడ్డికి కొబ్బరి పీచు సన్నగా కత్తిరించి వాడొచ్చు. థర్మోకోల్ గుట్టల మీద ఫెవికాల్ ఎస్ఆర్ గానీ స్ప్రే రంగు గానీ వేస్తే అది కరిగిపోతుంది. తెల్ల ఫెవికాల్, నీటి రంగులే వాడాలి.

పదిహేను మీటర్ల తాటిచెట్టు ఈ కొలతలో 172 మి.మీ. పలకలు బోర్లా మూసినప్పుడు ఖాళీ 170 మాత్రమే. అందుకని చెట్లని అంటించకండి. పలకలో ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ ముక్కలు పాతి, చెట్టు కాండం కింద తీగ పెట్టి గుచ్చండి. బిగించేటప్పుడు పిన్నులు, బోల్టులు, కనెక్టరు అయ్యాక, ముందు ఒక పెట్టెని చేత్తో అతుకు దాటించి చూడండి. గోరుతో తడిమితే తగిలే మెట్టు ఉంటే బోల్టులు వదులు చేసి, ముఖాలు తుడిచి మళ్లీ బిగించండి. తర్వాత ఇంజనుని మెల్లగా నడిపి, పట్టాల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తాటిచెట్లు ఆఖరున గుచ్చండి, ముందే గుచ్చితే తుడిచేటప్పుడు చొక్కా చేతికి తగిలి మొదట విరిగేది అవే.