మైన్‌క్రాఫ్ట్‌లో మన చౌడు మిద్దె కట్టడం

బ్లాకులు పేర్చి కట్టుకునే కంప్యూటర్ ఆట మైన్‌క్రాఫ్ట్‌లో పాతకాలపు ఇల్లు కట్టడం చూపించే వీడియో ఏది తెరిచినా ఒకటే ఇల్లు. ఏటవాలు కప్పు, తెల్లగోడల మీద అడ్డంగా నిలువుగా కట్టెలు, ఒక పొగగొట్టం. అది మంచు పడే యూరప్ ఊళ్ల ఇల్లు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె, నాన్న బేల్దారి మేస్త్రి. పాత మిద్దెలు విప్పేటప్పుడు ఆయన వెంట పోయి గోడ లోపల ఏముందో, కప్పులో ఏముందో చూస్తూ పెరిగాను. పెమ్మసాని నాయకులు ఏలిన గండికోట కూడా మాకు దగ్గరే. అందుకే నేను చెప్పేది ఆ కోట రాయి, మా పల్లెల చౌడు మిద్దె (చదును కప్పు మీద చౌడుమట్టి వేసిన ఇల్లు) రెండూ కలిసిన ఇల్లు.

స్థలం ఆటలోని సవానాలో, అంటే ఎండు గడ్డిమైదానంలో చూసుకోండి. అక్కడి అకేషియా చెట్లు మన తుమ్మచెట్లలాగే ఉంటాయి, ఆటలో అక్కడ వాన కూడా పడదు. పక్కన బ్యాడ్‌ల్యాండ్స్ (ఎర్రమట్టి గుట్టల నేల) దొరికితే ఇంకా మంచిది, ఎర్ర ఇసుక కోసం దూరం పోనక్కర్లేదు.

ముందు గోడ మందం. చాలామంది ఒక బ్లాకు గోడ లేపి పైన అలంకారాలు అతికిస్తారు. అలా ఎన్ని అతికించినా అది పాత ఇల్లు కాదు. రెండు బ్లాకుల మందం పెట్టండి. బయటి కొలత 13 బై 15 అనుకుంటే లోపల 9 బై 11 మిగులుతుంది, సరిపోతుంది. కింది రెండు వరసలు రెడ్ శాండ్‌స్టోన్, అంటే ఎర్ర ఇసుకరాయి. నాలుగు ఎర్ర ఇసుక బ్లాకులకు ఒక్క రాయే వస్తుంది కాబట్టి గోడంతా దాంతో కట్టాలని చూడొద్దు. పైన ఏడో వరస దాకా మడ్ బ్రిక్స్, అంటే మట్టి ఇటుకలు. ఇవి 2022లో 1.19 అప్‌డేట్‌తో వచ్చాయి. నీళ్ల సీసాను మట్టి బ్లాకు మీద పోస్తే బురద అవుతుంది, దానికి గోధుమ కలిపితే ప్యాక్డ్ మడ్. అవి నాలుగు కలిపితే నాలుగు ఇటుకలు. నిజంగా గడ్డి వేసి మట్టి తొక్కే పద్ధతే ఆటలోనూ పెట్టారు, నాకు అది చాలా నచ్చింది.

లోపల ముందు నాలుగు వరసలు పశువులకు వదలండి, అక్కడ నేల బయటి నేలతో సమానం. మిగతా ఏడు వరసలు మనుషులకు, ఒక బ్లాకు ఎత్తులో. ఆ నేలకు పాలిష్డ్ డీప్‌స్లేట్ వేస్తే అచ్చం కడప నల్లబండలే. డీప్‌స్లేట్ వై (ఆటలో ఎత్తు చూపే అంకె) సున్నా కిందికి తవ్వితే కావలసినంత దొరుకుతుంది. రాయి కోసే స్టోన్‌కట్టర్‌లో పెడితే ఒక బ్లాకుకు రెండు స్లాబులు, అంటే సగం మందం బండలు వస్తాయి.

ఇక కప్పు. ఇల్లంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మనుషుల భాగం మొదట్లో, అడ్డంగా లెక్కిస్తే మూడో బ్లాకు మీద, ఏడో బ్లాకు మీద డార్క్ ఓక్ స్తంభాలు నిలపండి. వాటి మీద ఐదో వరసలో గోడ నుంచి గోడకు దూలం. మూడు బ్లాకులు లోపలికి పోయి ఇంకో జత స్తంభాలు, ఇంకో దూలం. దుంగ పడుకోవాలంటే దాన్ని గోడ పక్కముఖం మీద ఆనించి పెట్టాలి, నేల మీద పెడితే నిలబడుతుంది. ఆరో వరసలో దంతెలు: స్ప్రూస్ దుంగలు, ఇంటి పొడవునా, ఒకటి విడిచి ఒకటి. సందుల్లో డీప్‌స్లేట్ స్లాబులు, బ్లాకులో పైసగానికి అంటేలా. అప్పుడు కింద నిలబడి చూస్తే దంతెలు సగం బయటికి తేలి, వాటి మీద బండలు పరిచినట్టే ఉంటుంది. ఆ పైన ఏడో వరసంతా ప్యాక్డ్ మడ్. మన ఇళ్లలో చౌడుమట్టి వేసేది అక్కడే, నీళ్లు దిగకుండా ఆపేది అదే. చుట్టూ సగం బ్లాకు పిట్టగోడ చాలు.

రెండు దంతెల మధ్య ఒక బ్లాకు గవాచి, అంటే కప్పులో కన్నం, వదలండి. మా పాత ఇళ్లకు వెలుతురు అక్కడినుంచే, వంటపొగ పోయేదీ అక్కడే. వానొస్తే పైనుంచి మూసేవాళ్లు. ఆటలో దాని మీద ఒక గాజు బ్లాకు పెడితే వెలుతురు ఆగదు, జాంబీ పడదు.

బయట ఆరో వరస ఎత్తులో గోడ చుట్టూ ఒక బ్లాకు ముందుకు వచ్చేలా చూరుబండలు, అంటే స్లాబులు, దింపండి. అందం కోసమే కాదు, సాలీడు గోడెక్కి వస్తే ఆ బండ దగ్గరే ఆగిపోతుంది.

గోడ మందం ఉంది కాబట్టి లోపలివైపు ఒక బ్లాకు తీసి దీపం గూడు చేయండి, అందులో కొవ్వొత్తి. కానీ ఒక్క కొవ్వొత్తి వెలుగు 3 మాత్రమే. దూలానికి ఒక లాంతరు వేలాడదీయండి, దాని వెలుగు 15. తలుపును గోడ లోపలి అంచున పెట్టండి, గడప దగ్గర మందం కనిపించాలి. కిటికీలు ఎక్కువ వద్దు. వాకిలికి అటూ ఇటూ అరుగులు, వాటికి స్లాబులు చాలు.

పశువుల భాగంలో నీళ్లకు ఒక కాల్డ్రన్ (కాగు), మేతకు గడ్డిమోపు. తొమ్మిది గోధుమలకు ఒక మోపు వస్తుంది. ఆవును గోధుమ చూపించి లోపలికి తెచ్చి, లీడ్‌తో, అంటే పగ్గంతో, కంచె కట్టెకు కట్టేయండి.

మిద్దె మీదికి బయటినుంచి రాతిమెట్లు పెట్టి, ఎండాకాలంలో మనం పడుకున్నట్టు పైన మంచం వేయాలంటే, మెట్ల పొడవునా, పిట్టగోడ మీద కూడా లాంతర్లు ఉండాలి. చీకట్లోనే జాంబీలు పుడతాయి, ఎనిమిది బ్లాకుల లోపల జాంబీ ఉంటే ఆట పడుకోనివ్వదు.