ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిందా? ముందు పక్క సీటు చూసుకోండి

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. పద్దెనిమిది నిండిన పిల్లలు నాన్న కారు తాళాల చుట్టూ తిరిగే రోజులివి. పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే లెర్నర్ లైసెన్సు) మాత్రమే ఉన్న మా వీధి కుర్రాడొకడు, రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా అని, ఒక్కడే కారు తీశాడు. మలుపులో బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ఆగి ఉన్న ఆటో నుజ్జయింది. పక్కన నిలబడి టీ తాగుతున్న ఆటో డ్రైవరుకి కాలు విరిగింది.

నేను పాలసీలు చేయిస్తుంటాను కాబట్టి వాళ్ళ నాన్న మొదటి ఫోన్ నాకే చేశారు. "ఫుల్ ఇన్సూరెన్సే కదండీ, టెన్షన్ లేదు కదా?"

ఉంది. పక్క సీటు ఖాళీ.

పాలసీలో డ్రైవర్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది, ఎవరూ చదవరు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ళు కూడా నడపొచ్చు, కానీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడో రూలు పాటించాలి అని అందులోనే ఉంది. ఆ రూలు ప్రకారం కారు లైసెన్సు ఉన్న మనిషి, అవసరమైతే బండి ఆపగలిగేలా పక్కన కూర్చోవాలి. బండికి ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డు ఉండాలి. ఇవి లేకపోతే సొంత బండి రిపేరు క్లెయిమ్ తిప్పి పంపడానికి కంపెనీకి దారి దొరికినట్టే. ఆటో డ్రైవరుకి పరిహారం కంపెనీ కట్టినా, ఆ డబ్బు తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చెప్పొచ్చు. అది లక్షల్లో ఉంటుంది.

పక్కన కూర్చునే మనిషి

నాన్నగారి లైసెన్సు తీసి తేదీ చూడండి. పాత లైసెన్సులు ఇరవై ఏళ్ళకో, యాభై ఏళ్ళు నిండేసరికో, ఏది ముందైతే అప్పటికి ముగిసేవి. అది చూసుకోకుండా బండి నడుపుతున్న పెద్దమనుషులు ప్రతి వీధిలో ఉన్నారు. గడువు దాటి ఏడాదైతే మళ్ళీ డ్రైవింగ్ టెస్టు పాసవ్వాల్సిందే. కొందరి కార్డు మీద బైకు క్లాసు ఒక్కటే ఉంటుంది, కారు మాత్రం పదేళ్ళుగా తోలుతుంటారు. అలాంటి మనిషి పక్కన ఉన్నా సీటు ఖాళీ కిందే లెక్క. వెనక సీట్లో కూర్చున్న అమ్మకి హ్యాండ్ బ్రేక్ అందదు, ఆవిడా లెక్కలోకి రారు.

ప్రీమియం సంగతి

మన దగ్గర ప్రీమియం ప్రధానంగా బండిని చూసే వేస్తారు: ఇంజిన్ సీసీ, బండి వయసు, ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ), ఊరు. కుర్రాడు నేర్చుకుంటున్నాడని దాచి మిగిలేదేమీ లేదు.

నేర్చుకోవడానికి పదేళ్ళ పాత చిన్న కారు ఉంటే నన్నడిగితే థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే కట్టే పాలసీ) చాలు. 2022లో ప్రకటించిన రేటు వెయ్యి సీసీ లోపు 2,094 రూపాయలు, 1,500 సీసీ వరకు 3,416, పన్ను అదనం. మీ బండి సొట్టలు మాత్రం మీవే.

ఫుల్ పాలసీ ఉంటే, క్లెయిమ్ చేయని ఏళ్ళకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్‌ని కాపాడుకోండి. నేర్చుకునేవాడు గేటుకి రాసి బంపర్ పగలగొట్టాడు, కొత్తది 4,000 అనుకుందాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ కాబట్టి సగం తరుగు పోతుంది, చిన్న కారైతే ఓనరు వంతు కింద ఇంకో వెయ్యి మీరే కట్టుకోవాలి. చేతికొచ్చేది వెయ్యి. దానికోసం 50 శాతం బోనస్ సున్నా అవుతుంది. ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) ప్రీమియం 10,000 అయితే వచ్చే ఏడాది 5,000 ఎక్కువ కడతారు. జేబులోంచి బంపర్ వేయించుకోండి.

పాలసీ గడువు దాటి 90 రోజులైతే ఆ బోనస్ ఎలాగూ పోతుంది.

ఇక మిగతావి:

- ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే. తేదీ ఫోన్లో పెట్టుకోండి.
- 30 రోజులు కాగానే పక్కా లైసెన్సు టెస్టుకి స్లాటు పెట్టండి, వాయిదా వద్దు.
- ఎల్‌ఎల్‌ఆర్ మీద కారు క్లాసు ఉందో లేదో చూడండి.
- ఎల్ బోర్డు చేత్తో గీసి అంటించకండి. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు కనీసం 10 ఉండాలి.
- సెకండ్ హ్యాండ్ కారు కొంటే 14 రోజుల్లో పాలసీ పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి. అమ్మినవాడి బోనస్ మీకు రాదు.
- పదిహేడేళ్ళవాడికి తాళాలు ఇవ్వకండి. ఓనరుకి 25,000 జరిమానా, మూడేళ్ళ వరకు జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.
- తెల్లవారుజామున కూడా ఒక్కడినే పంపకండి.
- పెట్రోల్ బంకు దాకానే అన్నా సరే, ఒక్కడినే పంపకండి.
- క్లెయిమ్ ఫారంలో డ్రైవర్ పేరు మార్చకండి. ఆటోని గుద్దిన కుర్రాడి నాన్న నిన్న కూడా ఫోన్ చేశారు, "నేనే నడిపానని రాసేద్దామా?" అని. ఆటోస్టాండ్ ఎదురుగా మెడికల్ షాపు కెమెరా ఉంది. ఎఫ్‌ఐఆర్‌లో పిల్లాడి పేరు అప్పటికే ఎక్కింది. రాయొద్దండీ అన్నాను.